పక్కపక్కన పెట్టి చదివితే

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు మీద పోతూ ఏ చికెన్ సెంటర్ దగ్గర ఆగినా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: ఫారమా, నాటా? నాటుకోడి ధర ఫారం కోడికి దాదాపు రెట్టింపు ఉంటుంది. రుచి కోసమనీ, ఒంటికి మంచిదనీ కొనేవాళ్లు కొంటారు. ఆ రెండు కోళ్ల మధ్య నాలుకకు తెలియని తేడా ఇంకొకటి ఉందని 2017లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని ఒక ప్రయోగశాల చూపించింది. పలుచోట్ల దుకాణాల్లో అమ్మే కోడిమాంసం నుంచీ, కోడి పేగుల నుంచీ 168 ఇ.కోలి బ్యాక్టీరియా నమూనాలను వేరుచేసి, ఏ మందుకు ఏది లొంగుతుందో ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఫారం కోడి మాంసం మీద దొరికిన వాటిలో 68 శాతం అనేక రకాల యాంటీబయాటిక్‌లకు మొండికేశాయి. ఆరుబయట తిరిగి పెరిగిన కోడి మాంసంలో అలాంటివి 8 శాతమే. సెఫోటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసుకునేవి మొదటి రకం మాంసంలో 46 శాతం, రెండో రకంలో 15 శాతం.

ఈ శాతాలు పత్రికల్లో వస్తే చదివి భయపడి మర్చిపోతాం. ఆ పరిశోధనలో అంతకన్నా ముఖ్యమైన సంగతి చివర్లో ఉంది. కొన్ని నమూనాల జీనోమ్‌ను, అంటే బ్యాక్టీరియా డీఎన్‌ఏ మొత్తాన్నీ, మొదటినుంచి చివరిదాకా చదివారు. మనుషులకు జబ్బు చేసిన ఇ.కోలి జీనోమ్‌ల పక్కన పెట్టి చూశారు. ప్రపంచమంతటా ఆస్పత్రుల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు పేరుపడ్డ ఎస్‌టీ131 అనే వంశమూ, ఎస్‌టీ117 అనే మరో వంశమూ ఆ కోళ్లలో కనిపించాయి. పోలిక చూడకపోతే అవి మామూలు కోడి పేగు క్రిములే. మైక్రోస్కోపు కింద అన్ని ఇ.కోలి ఒకేలా ఉంటాయి.

ఈ ప్రయోగశాలను నడిపిన నియాజ్ అహ్మద్ మొదట పశువైద్యుడు. పశువుల జబ్బులు చదివి, ఆ తర్వాత క్రిముల జన్యువుల వైపు మళ్లారు. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీలో పనిచేశారు. ఆ తర్వాత గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. కొన్నేళ్లు ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీలో అంటువ్యాధుల విభాగానికి నేతృత్వం వహించారు. కలరా పరిశోధనకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన సంస్థ అది. క్షయ, కడుపుపుండు, ఎలుకజ్వరం, టైఫాయిడ్, మూత్రనాళ ఇన్ఫెక్షన్, చివరికి కోడి: ఆయన పని చేసిన జబ్బుల జాబితా చూస్తే చెదిరిపోయినట్టు అనిపిస్తుంది. కానీ అన్నిటా అడిగిన ప్రశ్న ఒకటే. ఈ క్రిమి ఎవరి సంతానం? దాని దాయాదులు ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు విడిపోయారు, విడిపోయాక ఏం పోగొట్టుకున్నారు, ఏం సంపాదించుకున్నారు?

ఆ ప్రశ్నకు సమాధానం ఒక్క జీనోమ్‌లో ఉండదు. నా దృష్టిలో ఈ శాస్త్రం మొత్తంలో పాఠకుడు పట్టుకోవలసిన విషయం ఇదే.

ఒక బ్యాక్టీరియా జీనోమ్‌ను తొలిసారి పూర్తిగా చదివింది 1995లో, అమెరికాలో. దాని పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, సుమారు 18 లక్షల అక్షరాలు. రెండేళ్లకు కడుపుపుండు తెచ్చే హెలికోబ్యాక్టర్ పైలోరీ, ప్రయోగశాలల్లో పెంచే ఇ.కోలి వచ్చాయి. 1998లో క్షయ బ్యాక్టీరియా వచ్చింది, 44 లక్షల అక్షరాలతో. ఒక్కో జీవికి ఒక్కో జీనోమ్ వచ్చేసింది కాబట్టి ఆ జీవి గుట్టంతా తేలిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2001లో రక్తవిరేచనాలు తెచ్చే ఓ157 రకం ఇ.కోలిని చదివితే, ప్రయోగశాల ఇ.కోలిలో లేని జన్యువులు 1,387 బయటపడ్డాయి. మరుసటి ఏడాది మూడు ఇ.కోలి జీనోమ్‌లను పోల్చి చూస్తే, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ప్రోటీన్లు 39 శాతం చిల్లర మాత్రమే. ఒకే పేరు పెట్టుకున్న జీవుల మధ్య ఇంత దూరం ఉంటుందని ఎవరూ ఊహించలేదు. పోల్చి చదవడం అప్పటినుంచి అసలు పని అయింది.

ఎలా పోలుస్తారో చెప్పడానికి మన సాహిత్య చరిత్ర నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను. సి.పి.బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించాడు. 1829లో అచ్చు వేయించాడు. ప్రతి వ్రాయసకాడూ ఎక్కడో ఒకచోట తప్పు రాస్తాడు. ఆ ప్రతిని చూసి రాసినవాడు ఆ తప్పునూ దించుతాడు, తనది ఇంకొకటి కలుపుతాడు. రెండు ప్రతుల్లో ఒకే వింత తప్పు ఉందంటే రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయన్నమాట. ఒకదానిలో పత్రం ఊడిపోయి ఉంటే, దాన్ని చూసి రాసిన ఏ ప్రతిలోనూ ఆ భాగం ఉండదు. బ్యాక్టీరియా విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏ నకలు తీసుకుంటుంది. నకలులో అరుదుగా అక్షరం మారుతుంది, అప్పుడప్పుడు ముక్క రాలిపోతుంది. ఆ మార్పులను వరుసగా పేర్చుకుంటూ పోతే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేలుతుంది.

పాడి పశువులున్న ప్రతి ఊరికీ సంబంధించిన ఒక పాత నమ్మకాన్ని ఈ పద్ధతే తలకిందులు చేసింది. క్షయ మొదట పశువుల జబ్బనీ, మనిషి పశువులను మచ్చిక చేసుకున్నాక మనిషికి అంటిందనీ పుస్తకాల్లో ఉండేది. 2002లో ప్యారిస్ పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు పలు రకాల క్షయ బ్యాక్టీరియాలను పోల్చారు. మనిషి క్షయలో ఉన్న కొన్ని ముక్కలు పశువుల క్షయలో రాలిపోయి ఉన్నాయి. రాలిపోయిన ముక్క మళ్లీ పుట్టుకురాదు కాబట్టి, మనిషి క్షయ పశువుల క్షయ నుంచి పుట్టే అవకాశం లేదని తేల్చారు. ఇదే కొలమానంతో మన దేశంలోని క్షయ నమూనాలను చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో నియాజ్ అహ్మద్, అప్పటిదాకా సీడీఎఫ్‌డీకి డైరెక్టరుగా ఉండి హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయిన సయ్యద్ హస్నైన్ భాగస్వాములు. టీబీడీ1 అనే ముక్క ఇంకా రాలని పాత వంశాలే భారత్‌లో ఎక్కువగా ఉన్నాయని ఆ అధ్యయనం తేల్చింది. ఇక్కడి క్షయ చాలా పాతకాపు.

కడుపుపుండు క్రిమి కథ ఇంకా ఆసక్తికరం. హెలికోబ్యాక్టర్ సాధారణంగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి అంటి, మందు వేసి వదిలించకపోతే జన్మంతా కడుపులో ఉండిపోతుంది. అందుకే మనుషులు ఎటు వలస వెళ్తే అటే వెళ్లింది. హైదరాబాద్ దక్కన్ వైద్య కళాశాలలో కాలేయవ్యాధుల పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టిన వైద్యుడు సి.ఎం.హబీబుల్లా బృందంతో కలిసి, భారతీయ రోగుల కడుపుల నుంచి తీసిన క్రిములను నియాజ్ అహ్మద్ విద్యార్థులు పరిశీలించారు. వాటి జన్యువులు యూరప్ వంశంతో కలుస్తున్నాయని 2007లో ప్రకటించారు. పురాతన వలసలతోనే ఈ క్రిమి ఇక్కడికి వచ్చి ఉంటుందని వాదించారు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పనిని నేను ఇంకా పైన పెడతాను. ఫ్రాన్స్‌లో వైద్యం పొందిన, ఆఫ్రికా మూలాలున్న ఒక కడుపుపుండు రోగి నుంచి తీసిన క్రిమి ఉంది. దాదాపు పదేళ్ల తర్వాత అదే రోగి కడుపులో రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసిన క్రిములూ ఉన్నాయి. మొదటిదాని జీనోమ్‌ను 2010లో, మిగతా రెండింటినీ 2011లో ప్రచురించారు. ఆ మూడూ ఒకే తల్లి పిల్లలు. ఒకే మనిషి లోపల, ఆ ఆమ్లంలో, ఏళ్ల తరబడి ఒక క్రిమి తనను తాను ఎలా సవరించుకుంటుందో దగ్గరనుంచి చూసే వీలు దాంతో కలిగింది. ఈ కాలపు పరిశోధన పత్రాల్లో మొదటి పేరు ఎక్కువగా విద్యార్థులదే. తిరువాయిపాటి సుమ, బద్దం రమణి లాంటి మన పేర్లు అంతర్జాతీయ పత్రికల్లో జీనోమ్‌ల పక్కన కనబడటం సంతోషం కలిగించే విషయం. మలేసియాలోని కెలంతన్‌లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు, జబ్బు లేకుండానే క్రిమిని మోస్తున్న ఒక మనిషి నుంచి వేరుచేసిన టైఫాయిడ్ బ్యాక్టీరియా జీనోమ్‌ను 2012లో విశ్లేషించిన బృందానికి ముందు నిలిచింది రమణి.

ఎస్‌టీ131 విషయానికి వద్దాం. 2008లో పలు దేశాల వైద్యులు ఒకేసారి గుర్తించిన వంశం ఇది. మూడు ఖండాల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ రోగుల్లో ఒకే రకం ఇ.కోలి, సిప్రోఫ్లాక్సాసిన్‌కూ సెఫలోస్పోరిన్‌లకూ లొంగకుండా కనబడింది. పుణెలోని ఒక రోగి నుంచి వేరుచేసిన ఎన్‌ఏ114 అనే ఎస్‌టీ131 జీనోమ్‌ను హైదరాబాద్ బృందం 2011లో ప్రచురించింది. ఆ వంశం నుంచి లోకానికి తొలుత అందిన జీనోమ్‌లలో అదొకటి. ఇలాంటి జీనోమ్‌లు చేతిలో ఉండబట్టే, కొన్నేళ్లకు కోడిలో దొరికిన క్రిమిని దేనితో పోల్చాలో తెలిసింది. జర్మనీ పరిశోధన నిధులతో హైదరాబాద్, బెర్లిన్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన శిక్షణ కార్యక్రమం కూడా ఇందుకు అండగా నిలిచింది. బెర్లిన్ వైపు భాగస్వాముల్లో పశువైద్య శాస్త్రవేత్తలు ఉండటం యాదృచ్ఛికం అనుకోను. మనిషి డాక్టరు రోగిని చూస్తాడు. పశువైద్యుడికి మంద మొత్తం కనబడుతుంది, మంద తినే దాణా కనబడుతుంది, మందను కాసే మనిషీ కనబడతాడు.

కోడి నుంచి జీనోమ్ దాకా పని ఎలా సాగుతుందో చూస్తే ఈ శాస్త్రం ఎంతగా చేతిపని మీద ఆధారపడిందో తెలుస్తుంది. కోడి కోయగానే పేగుల్లో చివరి సంచిలాంటి భాగాన్ని విడిగా తీసి, ఐస్ డబ్బాలో పెట్టి, ఆ రోజే ప్రయోగశాలకు చేర్చాలి. లోపలి పదార్థాన్ని కొద్దిగా మెకాంకీ అగర్ పళ్లెం మీద గీతలుగా పూస్తారు. 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి ఉంచితే, పాలలోని చక్కెరను పులియబెట్టగల ఇ.కోలి గులాబీరంగు చుక్కలుగా పైకి వస్తుంది. ఒక చుక్కను ఎత్తి వేరే పళ్లెంలో చాపలా పరిచి, దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. మర్నాటికి మందు పనిచేసిన బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనబడుతుంది. స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మందు పనిచేయని బిళ్ల అంచుదాకా బ్యాక్టీరియా పాకి ఉంటుంది. ఇంతవరకూ ఒక మంచి జిల్లా ఆస్పత్రి ల్యాబ్ చేయగలదు.

ఆ తర్వాత డీఎన్‌ఏ వెలికితీసి, చిన్న ముక్కలు చేసి, యంత్రంలో పెడతారు. ఎక్కువగా వాడే యంత్రాలు ఒక్కో ముక్కలో నూరు నుంచి మూడువందల అక్షరాల దాకా చదువుతాయి. ఇ.కోలి జీనోమ్ సుమారు 50 లక్షల అక్షరాలు. ఒక్కో స్థానాన్ని పదుల సార్లు చదివించి, ఒకదాని కొస ఇంకొకదాని మొదలుతో కలిసే చోట కంప్యూటరు అతుకుతుంది. అతికాక రెండు పనులు. అన్ని ఇ.కోలిలలోనూ ఉండే ఉమ్మడి జన్యువుల్లో అక్షరాల తేడాలు చూసి వంశవృక్షం గీయడం మొదటిది. కొందరిలోనే ఉండే జన్యువులు ఏవో, అవి ఎక్కడ కూర్చున్నాయో చూడటం రెండోది. మందులను ఎదిరించే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పక్కనున్న దానికి, అది చుట్టం కాకపోయినా, ఆ వలయాన్ని అందించగలదు. కోడి పేగులోని ఏ హానీ చేయని ఇ.కోలి కూడా మనిషి పేగులోకి వచ్చి తన ప్లాస్మిడ్‌ను అక్కడున్న జబ్బు క్రిమికి ఇచ్చి పోవచ్చు. అందుకే హానికరం కాని క్రిమిలో నిరోధకత ఉన్నా పట్టించుకోవాలని 2017 నాటి పత్రం గట్టిగా చెప్పింది.

ఫారం కోడిలోనే ఇదంతా ఎందుకు ఎక్కువ? దాణాలో యాంటీబయాటిక్ వేయడం ఎలా మొదలైందో చూస్తే, ఆ కథ ఒక తెలుగువాడి ప్రయోగశాల గడపలో నుంచే నడుస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు డైరెక్టరుగా ఉండగా, 1948లో ఆరియోమైసిన్ వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే పెద్దది. కోట్ల ప్రాణాలు నిలబెట్టిన మందులు అవి. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ కోడిపిల్లల దాణాకు చౌకగా బీ12 విటమిన్ దొరుకుతుందేమోనని, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని తినిపించి చూశారు. పిల్లలు విటమిన్‌తో పెరగాల్సిన దానికన్నా ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందు వల్లే ఆ పెరుగుదల అని తేలింది. దాంతో ప్రపంచమంతా కోళ్లకూ పందులకూ జబ్బు లేకపోయినా చిటికెడు యాంటీబయాటిక్ వేయడం మొదలైంది. చిటికెడు మందు క్రిములన్నిటినీ చంపదు. బలహీనమైన వాటిని తీసేసి, ఎదిరించగలిగిన వాటికి చోటిస్తుంది. ఆరు వారాల్లో అమ్మకానికి వచ్చే వేల కోళ్లు ఒకే కప్పు కింద, ఒకే ఊక మీద పెరిగే చోట ఆ చోటు చాలా పెద్దది.

చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఈ సంగతి ప్రత్యేకంగా ఎందుకు పట్టాలంటే నేల అలాంటిది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరివాహక ప్రాంతం ఈ మండలాల్లోనూ పరచుకుని ఉంది. ఆ నీటిని కాపాడాలనే 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేశారు. ఆ జీవో చుట్టూ జరిగిన చర్చంతా భూముల ధరల మీదే నడిచింది. నీళ్లలోకి ఏ క్రిమి, ఏ జన్యువు చేరుతోందన్న ప్రశ్న దాదాపు వినబడలేదు. కోళ్ల ఫారాల నుంచి తీసిన ఎరువు కూరగాయల చేలకు వెళ్తుంది. టమాట, కొత్తిమీర, పాలకూర తెల్లారేసరికి నగరం మార్కెట్లో ఉంటాయి. వాన పడితే చేల మీది నీరు వాగుల్లోకి, ఈసీ వాగు నుంచి హిమాయత్‌సాగర్‌లోకి దిగుతుంది. ఇక్కడే మెడికల్ కాలేజీలున్నాయి. పక్కనే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. పెరట్లో పెంచుకునేందుకు వనరాజా కోడిని తయారుచేసిన కోళ్ల పరిశోధన సంస్థా అక్కడే ఉంది. కోడీ, రోగీ, చేనూ, చెరువూ ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతం పోలిక చూడటానికి ఇంకెక్కడ దొరుకుతుంది?

దాణాలో మందు ఆపితే నిజంగా తేడా వస్తుందా అని రైతు అడగడం న్యాయం. చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే మందును ఎదిరించే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ దేశం 2017లో దాణాలో కొలిస్టిన్‌ను నిలిపేసింది. పందుల నుంచి తీసిన ఇ.కోలిలో ఆ మందుకు లొంగనివి అంతకుముందు 34 శాతం, ఆపిన తర్వాత సుమారు 5 శాతం. అంత త్వరగా తగ్గుతుందని చాలామంది నిపుణులే అనుకోలేదు. మన దేశంలోనూ 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించారు. ఆ నిషేధం ఇక్కడి ఫారాల్లో ఏం మార్చిందో తెలియాలంటే ముందటి క్రిమి, తర్వాతి క్రిమి రెండూ చేతిలో ఉండాలి.

ఆస్పత్రి ల్యాబ్‌లో కల్చర్ రిపోర్టు ఇచ్చాక ఆ పళ్లేలను ఆటోక్లేవ్‌లో ఉడికించి పారేయడమే మామూలు పద్ధతి. ఫ్రాన్స్ రోగి కడుపులోని క్రిమిని పదేళ్ల ఎడంతో పోల్చగలిగారంటే, మొదటి నమూనాను పారేయకుండా దాచినవాళ్లు ఉండబట్టే. చేవెళ్ల, మొయినాబాద్‌లలో కల్చర్‌కు వచ్చే మూత్రంలో, అదే నెల దుకాణంలో కోసిన కోడిపేగులో, ఈసీ వాగు నీటిలో దొరికిన ఇ.కోలిని గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల్లో దాచిపెట్టడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. ఒక డీప్ ఫ్రీజరు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, ఊరు, తేదీ, రోగి వయసు, అంతకుముందు వాడిన మందు తప్పకుండా రాసే రిజిస్టరు, దాన్ని రాయడం తన పనిగా పెట్టుకున్న ఒక ల్యాబ్ టెక్నీషియను ఉంటే చాలు. ఇప్పుడే చదివించే డబ్బు లేకపోయినా ఫరవాలేదు. జీనోమ్ చదివే ఖర్చు 1995 నుంచి తగ్గుతూనే వస్తోంది.